ఒకే దరువు మీద మూడు హిట్లు: 'గెట్ బిజీ' పాట కథ

(హైదరాబాద్‌లో సంగీతాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఆఫీసులు వదిలే టైములో, ఈ ట్రాఫిక్‌లో పడి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషంగా ఉంది.

ఇవాళ ఒక్క పాట గురించే మాట్లాడతాను. మూడున్నర నిమిషాల పాట. 2003లో కాలేజీలో ఉన్నవాళ్లు దీన్ని ఏదో ఒక ఫంక్షన్లో వినే ఉంటారు. పాట పేరు 'గెట్ బిజీ', పాడింది షాన్ పాల్, ఊరు జమైకాలోని కింగ్‌స్టన్. అమెరికాలో ఏ పాట ఎంత నడుస్తోందో వారం వారం చెప్పే పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100. 2003 మే 10 తేదీతో వెలువడిన ఆ పట్టికలో ఈ పాట మొదటి స్థానానికి వచ్చింది. అప్పటికి తొమ్మిది వారాలుగా ఆ స్థానాన్ని వదలకుండా కూర్చున్నది 50 సెంట్ అనే అమెరికన్ ర్యాపర్ పాడిన 'ఇన్ డా క్లబ్'. దాన్ని దింపి మూడు వారాలు నిలిచింది 'గెట్ బిజీ'. నాలుగో వారం 50 సెంట్ ఇంకో పాటతో వచ్చి మళ్లీ లాక్కున్నాడు. ఆ ఏడాది అమెరికా రేడియోలో అతని హవా అలాంటిది. ఆ హవా మధ్యలో జమైకా పలుకుబడిలో, చాలామంది అమెరికన్లకు సగం మాటలు అర్థం కాని పాట మూడు వారాలు పైన ఉండటం చిన్న విషయం కాదు.

ఆ పట్టికలో పేరు షాన్ పాల్‌ది. నేను మాట్లాడాలనుకున్నది మాత్రం ఎక్కువగా ఇంకొకాయన గురించి. ఆయన పేరు స్టీవెన్ మార్స్‌డెన్, అందరూ లెంకీ అంటారు. పాట కింద ఉన్న దరువు ఆయనది. అదే దరువు మీద, అదే ఏడాది, ఇంకో రెండు పాటలు కూడా అమెరికా పట్టికలో పైకి వెళ్లాయి. అవి వేరే గాయకులవి. ఒకే దరువు, మూడు గొంతులు, మూడు హిట్లు. దీన్ని ఎవరూ దొంగతనం అనలేదు. ఎందుకు అనలేదో అర్థమైతే డాన్స్‌హాల్ అనే జమైకా డాన్సు సంగీతం చాలావరకు అర్థమైనట్టే.

ముందు మీ చేతులకు కొంచెం పని చెబుతాను. ఎనిమిది మాత్రలు లెక్కపెట్టండి. నాలుగూ నాలుగుగా వద్దు. తకిట, తకిట, తక. మూడు, మూడు, రెండు. ప్రతి ముక్క మొదటి అక్షరం దగ్గర ఒక చప్పట. కొట్టండి. (సభలో చప్పట్లు) బాగుంది, ఆపకండి. ఇప్పుడు కాలితో మాత్రం సమంగా నాలుగు తట్టండి, రెండేసి మాత్రలకు ఒకటి చొప్పున. ఏం జరుగుతోందో చూశారా? మొదటి చప్పట మొదటి అడుగుతో కలిసి పడుతుంది. రెండో చప్పట రెండో అడుగుకీ మూడో అడుగుకీ మధ్య ఖాళీలో పడుతుంది. మూడో చప్పట మళ్లీ నాలుగో అడుగుతో కలుస్తుంది. ఆ మధ్యలో, కాలు లేని చోట పడిందే, అదే మనిషిని కుర్చీలోంచి లేపుతుంది. కాలు ఒకచోట ఉంటే చెయ్యి ఇంకోచోట ఉంది కాబట్టి, ఆ తేడాని నడుం సర్దాలి. డాన్స్‌హాల్‌కీ, దాని నుంచి పుట్టిన రెగ్గటోన్ అనే స్పానిష్ భాషా డాన్సు సంగీతానికీ ఎముకల గూడు ఇదే.

ఈ గూడు లెంకీ కనిపెట్టింది కాదు. ఆయన కంటే ముందు ఎందరో వాడారు. ఆయన చేసింది వేరు. మామూలుగా ఈ ఎగుడుదిగుడు లెక్కంతా డ్రమ్ము మోస్తుంది, చప్పట్లు ఉన్నా ఏదో ఓ మూల తాలింపులా ఉంటాయి. లెంకీ చప్పట్లనే ముందు వరసలో కూర్చోబెట్టాడు. అవి మనం ఇప్పుడు కొట్టినంత సులువుగా కూడా ఉండవు. జంటగా వస్తాయి, తప్పుకుంటాయి, ఎక్కడ పడతాయో అనుకున్నచోట పడవు. కింద లోతైన డ్రమ్ము, దానిపైన కీబోర్డు స్వరాలు కొన్నే. వేగం నిమిషానికి సుమారు వంద దెబ్బలు. మిగతా అంతా ఖాళీ. ఆ ఖాళీ ఉండబట్టే గాయకుడికి చోటు దొరికింది. లెంకీ స్వతహాగా కీబోర్డు వాయించే మనిషి. కీబోర్డు వాయించేవాడు తన వాద్యాన్ని అంత వెనక్కి పెట్టి, చప్పట్లకు ముందు చోటిచ్చాడంటే అది నాకు చాలా గొప్ప నిర్ణయంగా కనిపిస్తుంది. ఆ దరువుకి ఆయన పెట్టుకున్న పేరు 'దివాలీ'. మన దీపావళే. ఆ పేరు సంగతికి తర్వాత వస్తాను.

జమైకాలో ఇలాంటి దరువుని రిడిమ్ అంటారు. గొంతు లేకుండా డ్రమ్ము, బేస్, నాలుగు స్వరాలు కలిపిన ముక్క అది. ఒక నిర్మాత దాన్ని తయారుచేసి, ఒక్క గాయకుడికి ఇచ్చి ఊరుకోడు. పదిమందికి, ఇరవైమందికి ఇస్తాడు. ఎవరి మాటలు వాళ్లు రాసుకుని, ఎవరి వరస వాళ్లు కట్టుకుని దాని మీద పాడతారు. మన బతుకమ్మ పాటలు తీసుకోండి. ఉయ్యాలో అంటూ సాగే నడక ఊరందరిదీ. దాని మీద ఒకామె సీతమ్మ కష్టాలు పాడుతుంది, ఇంకొకామె పుట్టింటి బెంగ పాడుతుంది, మరొకామె ఈ ఏడు ఊళ్లో జరిగినది కట్టి పాడుతుంది. నడక ఒకటే కదా అని ఎవరూ తప్పుపట్టరు. ఈసారి ఏం పాడింది, ఎలా పాడింది అనే వింటారు. రిడిమ్ దగ్గర జమైకా శ్రోత వినేదీ అంతే. మన సినిమా పాటల దగ్గరకొస్తే లెక్క మారిపోతుంది. "ఆ ట్యూన్ ఫలానాదాని కాపీ అట" అంటే అక్కడితో పాట పరువు పోయినట్టే. కింగ్‌స్టన్‌లో మాత్రం ఒక కొత్త రిడిమ్ మీద నీ గొంతు లేకపోతేనే నీకు పరువు తక్కువ.

ఈ పద్ధతి 1960ల చివర్లో రూపు కట్టింది. అప్పట్లో కింగ్‌స్టన్‌లో పాటలు జనానికి చేరేది సౌండ్ సిస్టమ్‌ల ద్వారా. మనిషంత ఎత్తు స్పీకర్లు వీధిలో పెట్టి, రికార్డులు వేసి, రాత్రంతా ఆడించేవాళ్లు. గొంతు తీసేసిన రికార్డు వేస్తే, మైకు పట్టుకున్నవాడు దానిమీద తన మాటలు అల్లేవాడు. అలా అల్లేవాడిని అక్కడ డీజే అంటారు. మన దగ్గర డీజే అంటే పాటలు వేసేవాడు. అక్కడ మాటలు వేసేవాడు. 1970లో యూ రాయ్ అనే డీజే, డ్యూక్ రీడ్ అనే నిర్మాత దగ్గరున్న పాత పాటల దరువుల మీద తన మాటలు పాడి రికార్డులు చేస్తే, అతని మూడు రికార్డులు ఒకేసారి జమైకా పట్టికలో మొదటి మూడు స్థానాలూ పట్టాయి. పాత సరుకు మీద కొత్త గొంతు అమ్ముడుపోతుందని వ్యాపారులకు ఆ దెబ్బతో తెలిసిపోయింది.

తర్వాతి మలుపు 1985. కింగ్ జామీ అనే నిర్మాత, వేన్ స్మిత్ అనే గాయకుడు కలిసి 'స్లెంగ్ టెంగ్' రిడిమ్ తెచ్చారు. దాని మూలం క్యాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులో ముందే నింపి ఉంచిన ఒక తాళం. జపాన్‌లో క్యాసియో కంపెనీలో పనిచేసిన ఒకుడా హిరోకో అనే ఆవిడ ఆ తాళాలు తయారుచేశారు. మీట నొక్కితే వచ్చే తాళాన్ని వేగం తగ్గించి, అడుగున దెబ్బలు కలిపి జామీ వీధిలోకి వదిలాడు. దాంతో బ్యాండు పెట్టి వాయించాల్సిన అవసరం తప్పింది. ఒక గదిలో ఒక మనిషి కూర్చుని రిడిమ్ చెయ్యగల కాలం వచ్చింది. లెంకీ ఆ కాలం తయారుచేసిన మనిషే.

ఇక 2002కి వద్దాం. 'దివాలీ' జమైకాలో ఏ మూల విన్నా అదే. బౌంటీ కిల్లర్ పాడాడు, ఎలిఫెంట్ మ్యాన్ పాడాడు, వేన్ వండర్ పాడాడు. లండన్‌కి చెందిన గ్రీన్‌స్లీవ్స్ కంపెనీ ఆ పాటలన్నీ కలిపి ఒక ఆల్బమ్‌గా వేసింది. మొదటి పాట నుంచి చివరి పాట వరకు ఒకే దరువు. అలవాటు లేనివాళ్లకు ఇది విసుగు తెప్పిస్తుందేమో అనిపిస్తుంది. ఓపిగ్గా కూర్చుంటే మాత్రం ఒక చిత్రం జరుగుతుంది. నాలుగో పాట దగ్గరకొచ్చేసరికి చెవి దరువుని వదిలేసి గొంతుని పట్టుకుంటుంది. ఈయన ఎక్కడ ఊపిరి తీశాడు, ఆయన చప్పట కంటే ముందు వచ్చాడా వెనక వచ్చాడా అని వినడం మొదలుపెడతాం. ఇంట్లో ఒకసారి ప్రయత్నించి చూడండి. గాయకుడు ఏం చేస్తాడో నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

షాన్ పాల్ సంగతి చెబుతాను. పూర్తి పేరు షాన్ పాల్ హెన్రిక్స్, 1973 జనవరిలో కింగ్‌స్టన్‌లో పుట్టాడు. తండ్రి వైపు వాళ్లు పోర్చుగల్ మూలాలున్న యూదులు, తల్లి వైపు చైనా, ఇంగ్లండ్ రక్తం. తల్లి చిత్రకారిణి. ఈయన కుర్రతనంలో ఈతగాడు, జమైకా జాతీయ వాటర్ పోలో జట్టులో ఆడాడు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివాడు, కొన్నాళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నాడు. డాన్స్‌హాల్ పుట్టింది నగరం కింది భాగంలో, పేదవాళ్ల బస్తీల్లో. షాన్ పాల్ ఉన్నవాళ్లు ఉండే పైభాగం నుంచి వచ్చినవాడు. ఆ తేడా అక్కడ చాలా పెద్దది. నీకు మా కష్టం ఏం తెలుసు అని ఎవరైనా అడగొచ్చు. ఆయన పెద్ద పెద్ద కబుర్లు చెప్పకుండా డాన్సు, అమ్మాయిలు, రాత్రి పార్టీ, వీటి మీదే పాటలు కట్టాడు. నిజాయితీ గల దారి అది. తనకు తెలిసింది పాడాడు.

జెరెమీ హార్డింగ్ అనే నిర్మాత ఆయన్ని చేరదీసి మేనేజర్ అయ్యాడు. 2000లో మొదటి ఆల్బమ్ వచ్చింది. 2002 చివర్లో రెండోది, 'డటీ రాక్'. అందులోని 'గిమ్మీ ద లైట్' పాట ముందు వెళ్లి అమెరికాలో ఏడో స్థానం వరకు చేరింది. అది ఇంకో రిడిమ్ మీద కట్టిన పాట. తలుపు తీసింది అది, ఇల్లంతా తన చేతిలోకి తీసుకున్నది 'గెట్ బిజీ'.

ఇప్పుడు 'గెట్ బిజీ' మొదటి నిమిషం వినండి. (పాట వినిపించారు) ఇందులో వరస ఎంత తక్కువ ఉందో గమనించారా? ఆయన స్వరం పెద్దగా పైకి పోదు, కిందికి రాదు. నాలుగైదు స్వరాల మధ్యే నిలబడి మాటల్ని మద్దెల మీద వేళ్లు పడినట్టు విడిచిపెడతాడు. అమ్మాయిల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తాడు. ఆ పేర్లలో జంట అక్షరాలు, అచ్చుల మీద ఆగే చోట్లు ఉన్నాయి చూడండి, అవి చప్పట్ల మధ్య ఖాళీల్లోకి సరిగ్గా కూర్చుంటాయి. చప్పట పడేచోట ఆయన చాలాసార్లు మాట ఆపేస్తాడు. చప్పట లేనిచోట హల్లు పలుకుతాడు. అంటే లెంకీ వదిలిన ఖాళీని రెండో వాద్యంలా వాడుకున్నాడు. అర్థం కోసం వినేవాళ్లకు ఇందులో పెద్దగా ఏమీ దొరకదు. శబ్దం కోసం వినేవాళ్లకు ఇది చాలా శ్రద్ధగా చెక్కిన పని.

అమెరికాలో సగం మాటలు అర్థం కాకపోయినా పాట నడవడానికి కారణం అదే అని నా అభిప్రాయం. పేర్లు అర్థమవుతాయి, ఆడమంటున్నాడని అర్థమవుతుంది, మిగతా మాటలు తాళంగా మారిపోతాయి.

పాట బాగుంటే చాలదు, అది దుకాణం దాకా, రేడియో దాకా వెళ్లాలి కదా. ఇక్కడ వీపీ రికార్డ్స్ గురించి చెప్పకపోతే అన్యాయం. విన్సెంట్ చిన్, పాట్రీషియా చిన్ దంపతులు కింగ్‌స్టన్ నడిబొడ్డున, నార్త్ పరేడ్ 17వ నంబరులో, రికార్డుల దుకాణం నడిపారు. పైన స్టూడియో. బాబ్ మార్లీ, వెయిలర్స్ బృందం అక్కడ రికార్డింగులు చేసుకున్నారు. 1970ల చివర్లో కుటుంబం న్యూయార్క్ వెళ్లి క్వీన్స్‌లో వీపీ పేరుతో కంపెనీ పెట్టింది. వలస వచ్చిన జమైకా జనానికి ఊరి పాట అందించడం వాళ్ల వ్యాపారం. పాట్రీషియా గారిని అందరూ మిస్ పాట్ అంటారు. ఆవిడ తల్లిది చైనా వంశం, తండ్రిది మన భారతదేశం వంశం. పాతికేళ్లు అలా చిన్న చిన్న దుకాణాలకు పెట్టెలు మోసిన కంపెనీతో 2002లో అట్లాంటిక్ అనే పెద్ద కంపెనీ చేతులు కలిపింది. ఏ పాట ఏ వీధిలో ఆడుతోందో వీపీకి తెలుసు. దేశం మొత్తం రేడియో స్టేషన్ల తలుపు తట్టే బలగం అట్లాంటిక్‌కి ఉంది. 'గెట్ బిజీ' ఈ ఇద్దరి చేతుల మీదుగా వెళ్లింది. విన్సెంట్ చిన్ గారు ఆ పాట మొదటి స్థానానికి రావడానికి మూడు నెలల ముందు, ఫిబ్రవరిలో కన్నుమూశారు.

అప్పట్లో హాట్ 100 లెక్క ఎలా ఉండేదో కూడా తెలియాలి. రేడియోలో ఎంతమంది విన్నారు, దుకాణంలో సింగిల్స్, అంటే ఒక్కో పాటకు విడిగా వేసిన రికార్డులు, ఎన్ని అమ్ముడయ్యాయి, ఈ రెండూ కలిపి లెక్కేసేవాళ్లు. 1998 చివరి దాకా దుకాణంలో సింగిల్‌గా అమ్మని పాటకు పట్టికలో చోటే ఉండేది కాదు. ఆ నిబంధన తీసేశాక రేడియో బలం పెరిగింది. ఐట్యూన్స్ దుకాణం తెరిచింది 2003 ఏప్రిల్ 28న, అంటే మన పాట పైకి ఎక్కుతున్న రోజుల్లోనే. కానీ డౌన్‌లోడ్‌లు హాట్ 100 లెక్కలోకి వచ్చింది 2005లో. యూట్యూబ్ పుట్టనే లేదు. కాబట్టి ఈ పాటను పైకి మోసింది ముఖ్యంగా రేడియో, దాని వెనక క్లబ్బులు, టీవీలో వీడియో.

ఆ వీడియో దర్శకుడు కెనడాకి చెందిన డైరెక్టర్ ఎక్స్. టొరంటో దగ్గర ఒక మామూలు ఇంటి బేస్‌మెంటులో తీశాడు. పైన పెద్దవాళ్లున్న ఇల్లు, కింద ఇరుకు గదిలో కుర్రకారు చెమటలు కక్కుతూ డాన్సు. సముద్రం లేదు, కొబ్బరిచెట్లు లేవు. జమైకా పాట అనగానే బీచ్ చూపించే అలవాటుని పక్కనపెట్టి, వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు శనివారం రాత్రి నిజంగా ఆడే చోటుని చూపించాడు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో బేస్‌మెంటులో పుట్టినరోజులు చేసుకునే మన పిల్లలకు ఆ గది కొత్తగా అనిపించదు.

ఇక మిగతా రెండు పాటలు. వేన్ వండర్ 'నో లెటింగ్ గో' అమెరికాలో పదకొండో స్థానం దాకా, బ్రిటన్‌లో మూడో స్థానం దాకా వెళ్లింది. అదే చప్పట్లు, అదే వేగం. కానీ అతను ప్రేమపాట పాడాడు. మెత్తని గొంతు, సాగే వరస. షాన్ పాల్ ఖాళీల్లో హల్లులు పెడితే, ఈయన ఖాళీల మీదుగా అచ్చుల్ని సాగదీస్తాడు. రెండు పాటలూ పక్కపక్కన వేస్తే ఒకటి రాత్రి పన్నెండింటి పాట, రెండోది తెల్లవారుజామున ఇంటికెళ్లేటప్పటి పాట. మూడోది న్యూయార్క్ హార్లెమ్ అమ్మాయి లూమిడీ పాడిన 'నెవర్ లీవ్ యూ'. ఆమె జమైకన్ కాదు. అందులో గొంతు, చప్పట్లు, అడుగున డ్రమ్ము, దాదాపు అంతే. శ్రుతి అక్కడక్కడా జారుతుంది, శిక్షణ ఉన్న గొంతు కాదని వెంటనే తెలుస్తుంది. అయినా అమెరికాలో మూడో స్థానం, బ్రిటన్‌లో రెండో స్థానం. పక్కింటి అమ్మాయి బట్టలు ఆరేస్తూ పాడుకుంటున్నట్టుండే ఆ గొంతుకి లెంకీ దరువు బాసటగా నిలిచింది. నాకైతే మూడింటిలో ఆ పాటే ఎక్కువ ఇష్టం.

బ్రిటన్‌లో 'గెట్ బిజీ' నాలుగో స్థానం దగ్గర ఆగింది. అంటే అక్కడ అదే దరువు మీది మిగతా రెండు పాటలూ దీన్ని దాటాయి. 2004లో 'డటీ రాక్' ఉత్తమ రెగే ఆల్బమ్‌గా గ్రామీ గెలుచుకుంది.

ఇప్పుడు పేరు సంగతి. 'దివాలీ' అని వినగానే మనవాళ్లు దీనిలో భారతీయ సంగీతం ఉందని రాసేస్తుంటారు. వినండి, సితారు లేదు, తబలా లేదు, రాగం లేదు. ఆ చప్పట్లు కరీబియన్ లెక్కలోనివే. నిజమైన సంబంధం సంగీతంలో కంటే మనుషుల్లో ఉంది. 1845 మే 10న జమైకాలోని ఓల్డ్ హార్బర్ బే రేవులో భారతదేశం నుంచి మొదటి ఓడ ఆగింది. సుమారు 260 మంది దిగారు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి మనుషులు కావలసి, ఒప్పంద కూలీలుగా తీసుకెళ్లారు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లకు పైగా, సుమారు 36,000 మందిని అలా తరలించారు. ఎక్కువమంది ఉత్తరాది వాళ్లు, కలకత్తా రేవు నుంచి. మొదటి ఏళ్లలో మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు వెళ్లాయి. వాళ్ల కూర మసాలా జమైకా వంటలో కలిసిపోయింది, మేకమాంసం కూర లేనిదే అక్కడ పండగ జరగదు. మే 10ని అక్కడ భారతీయుల రాక గుర్తుగా జరుపుకుంటారు. 'దివాలీ' పేరున్న దరువు మీది పాట అమెరికాలో మొదటి స్థానం చేరిన పట్టిక తేదీ కూడా మే 10. యాదృచ్ఛికమే, అయినా ఈ రెండు తేదీలు పక్కపక్కన చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఆ రోజుల్లో తూర్పు దేశాల ధ్వనులకు గిరాకీ బాగా ఉంది. బ్రిటన్‌లోని పంజాబీ ఎంసీ చేసిన భాంగ్రా పాట మీద అమెరికన్ ర్యాపర్ జే-జీ తన ర్యాప్ కలిపాడు, లతా మంగేష్కర్ గొంతుని అడక్కుండా ఒక అమెరికన్ పాటలో వాడుకుంటే అది కోర్టు దాకా వెళ్లింది. కింగ్‌స్టన్‌లో కూడా ఆ గాలి వీచింది. 'దివాలీ' తర్వాత అక్కడ బాగా నడిచిన ఇంకో రిడిమ్ పేరు 'కూలీ డాన్స్'. దాని మీద కూడా అమెరికాలో హిట్లు వచ్చాయి. కూలీ అనేది జమైకాలో భారతీయుల్ని తక్కువ చేసి పిలిచే మాట. సరదాగా పెట్టిన పేరే కావచ్చు, వినడానికి మాత్రం నాకు సరదాగా ఉండదు. మూడు తరాలు చెరకు నరికినవాళ్లకు మిగిలిన పిలుపు అది. దీపావళి అని పెట్టిన లెంకీ ఈ విషయంలో నా మనసుకి దగ్గరవాడు.

చివరగా డబ్బు గురించి మాట్లాడాలి. మొదటి నుంచీ నేను ఇక్కడికే వస్తున్నాను. రిడిమ్ ఊరందరిదీ అన్నాను. అది వినే వైపు నుంచి. చేసినవాడి వైపు నుంచి చూస్తే కథ వేరు. 1960ల్లో, 70ల్లో స్టూడియోలో డ్రమ్ము, బేస్ వాయించినవాళ్లకు ఆ పూట కూలీ ఇచ్చి పంపేవాళ్లు. వాళ్లు వాయించిన దరువు తర్వాత ముప్ఫై ఏళ్లు వందల పాటలకు పునాది అయినా వాళ్ల చేతికి ఏమీ రాలేదు. ఎంతోమంది గొప్ప వాద్యకారులు లేమిలోనే పోయారు. 2003 నాటికి ఈ పద్ధతి కొంత మారింది. 'గెట్ బిజీ' రచయితలుగా షాన్ పాల్ పేరు పక్కన స్టీవెన్ మార్స్‌డెన్ పేరు ఉంది. 'నో లెటింగ్ గో'లో ఉంది, 'నెవర్ లీవ్ యూ'లో ఉంది. మూడు పాటలు మూడు దేశాల్లో ఎక్కడ మోగినా ఆయన వాటా ఆయనకు వెళ్లేలా కాగితం ఉంది. పైన నిలబడ్డ గాయకుడు మారినా కిందున్నవాడి పేరు చెరిగిపోలేదు. ఈ పాట చరిత్రలో నాకు మొదటి స్థానం కంటే పెద్ద గెలుపుగా కనిపించేది ఇదే.

అందరికీ ఇలా జరగలేదు. 1989లో స్టీలీ, క్లీవీ అనే ఇద్దరు కింగ్‌స్టన్ వాద్యకారులు 'ఫిష్ మార్కెట్' అని ఒక రిడిమ్ చేశారు. మనం ఇందాక కొట్టిన తకిట తకిట తక ఉంది చూడండి, దాన్ని వాళ్లు డ్రమ్ము యంత్రం మీద ఒక తీరులో పేర్చారు. ఆ పేర్పే రెగ్గటోన్ మొత్తానికి ఆధారమైందని వాళ్ల వాదన. స్టీలీ 2009లో చనిపోయారు. క్లీవీ, స్టీలీ వారసులు కలిసి 2021లో అమెరికా కోర్టుకి వెళ్లారు. ఒకరిద్దరి మీద మొదలైన దావా పెరిగి పెరిగి వెయ్యికి పైగా పాటల దాకా వెళ్లింది. లూయిస్ ఫాన్సీ, డాడీ యాంకీ లాంటి పెద్ద పేర్లన్నీ అందులో ఉన్నాయి. కేసు కొట్టెయ్యమని అవతలివాళ్లు అడిగితే 2024లో న్యాయమూర్తి ఒప్పుకోలేదు.

దీని మీద సంగీతం చేసేవాళ్లే రెండుగా చీలిపోయారు. ఒక లయకి యజమాని ఉంటే రేపు ఎవరూ డ్రమ్ము ముట్టలేరని కొందరి భయం. ఆ భయంలో నిజం ఉంది. మూడు, మూడు, రెండు అనే లెక్క ఎవరి సొత్తూ కాకూడదు, ఆఫ్రికా నుంచి కరీబియన్ దాకా అది కోట్లమంది చేతుల్లో ఉన్నది. కానీ ఆ లెక్కని ఒక ప్రత్యేకమైన డ్రమ్ము, ఒక ప్రత్యేకమైన గంట, ఒక ప్రత్యేకమైన ఖాళీతో పేర్చిన పని మాత్రం ఆ ఇద్దరిదే. ఆ పేర్పుని యథాతథంగా ఎత్తి వాడుకున్నచోట వాళ్ల పేరు ఉండాలి, వాటా ఉండాలి. లెంకీకి ఇచ్చినట్టే. ఇది కుదరని పని అంటే నేను ఒప్పుకోను, 2003లో మూడు పాటలకు కుదిరింది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇప్పుడు 'దివాలీ' గొంతు లేకుండా ఒకసారి, తర్వాత వేన్ వండర్, లూమిడీ పాటలు వరసగా వేస్తాను. మధ్యలో ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి, పాట ఆపి మాట్లాడుకుందాం.